ఆన్‌లైన్ ఆటల్లో ఖాతా నిషేధాలు, చెల్లింపు ధ్రువీకరణ వివాదాలు

ఆన్‌లైన్ ఆట నడిపే సంస్థ ఒక ఆటగాడి ఖాతాను కొంతకాలం గానీ శాశ్వతంగా గానీ మూసివేయడాన్ని ఖాతా నిషేధం అంటారు. వాడుకలో ఇది "ఐడీ బ్యాన్". ఆటలో కట్టిన డబ్బు, గెలిచిన డబ్బు, కొన్న వస్తువు నిజంగా ఆ ఖాతాదారుడివేనా అని సంస్థ గానీ బ్యాంకు గానీ సరిచూడటం చెల్లింపు ధ్రువీకరణ. ఈ రెండూ వేర్వేరు ప్రక్రియలు. మొదటిది ఆటగాడి ప్రవర్తనకు సంబంధించింది, రెండవది అతని గుర్తింపుకు సంబంధించింది. ఆచరణలో మాత్రం ఒకటి రెండోదానికి దారి తీస్తుంది. డబ్బు వాపసు అడిగితే ఖాతా మూతపడవచ్చు, ఖాతా మూతపడితే అందులోని డబ్బు ఆగిపోవచ్చు. ఎక్కువ వివాదాలు ఈ ముడి దగ్గరే పుడుతున్నాయి.

బెంగళూరు తూర్పు భాగంలోని కె.ఆర్.పురం, అంటే కృష్ణరాజపురం, ఈ విషయాన్ని గమనించడానికి అనువైన చోటు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చిన వాళ్లు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ల పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆధార్ చిరునామా చాలావరకు సొంతూరివి. నివాసం, ఫోన్ చూపించే స్థానం కర్ణాటకవి. డబ్బు ఆటల చట్టాలు ఈ మూడు రాష్ట్రాల్లో ఒకే విధంగా లేని కాలంలో ఈ తేడాయే వివాదానికి మూలమైంది.

స్థల నేపథ్యం

కె.ఆర్.పురం పాత మద్రాసు రోడ్డు మీద ఉంది. పక్కనే దూరవాణినగర్‌లో 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కర్మాగారం మొదలైంది. ఆ తర్వాత వైట్‌ఫీల్డ్, మహదేవపుర వైపు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు రావడంతో పీజీ హాస్టళ్లు పెరిగాయి. 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్.పురం దాకా, అదే ఏడాది అక్టోబరులో కె.ఆర్.పురం నుంచి బయ్యప్పనహళ్లి దాకా మెట్రో నడవడం మొదలైంది.

డబ్బు ఆటల రంగంలో బెంగళూరుది, హైదరాబాదుది మొదటి వరసగా ఉండేది. రమ్మీ కల్చర్ నడిపిన గేమ్స్‌క్రాఫ్ట్, మొబైల్ ప్రీమియర్ లీగ్ (ఎంపీఎల్) బెంగళూరు సంస్థలు. ఫోన్‌పే కేంద్ర కార్యాలయం కూడా ఇదే నగరంలో ఉంది. ఏస్2త్రీ పేరుతో దేశంలో ఆన్‌లైన్ రమ్మీని తొలి దశలో తెచ్చిన సంస్థ హైదరాబాదుది. దీపక్ గుళ్లపల్లి దీన్ని 2006లో ఆరంభించారు. తర్వాత దాని పేరు ఏ23గా మారింది.

చరిత్ర

తొలి ఆన్‌లైన్ ఆటల్లో నిషేధం నిర్వాహకుడి ఇష్టం మీద నడిచేది. మోసాన్ని యంత్రంతో పట్టే పద్ధతి 2000 తర్వాత విస్తరించింది. వాల్వ్ సంస్థ వ్యాక్ అనే వ్యవస్థను 2002లో తెచ్చింది. మోసం దొరికిన వెంటనే కాకుండా కొన్నాళ్లు ఆగి ఒకేసారి అనేక ఖాతాలను మూసేయడం దాని పద్ధతి. ఏ ప్రోగ్రాం పట్టుబడిందో తయారీదారుకు తెలియకుండా ఉంచడమే ఆలస్యానికి కారణం. 2020లో వాలరెంట్ ఆటతో వచ్చిన వాన్‌గార్డ్ అనే మోస నిరోధక వ్యవస్థ, కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపలి పొరలో పనిచేస్తుంది. మోసాన్ని పట్టే శక్తి పెరిగే కొద్దీ ఆటగాడి కంప్యూటర్ మీద సంస్థకున్న అధికారమూ పెరిగింది.

ఖాతాలోని ఆస్తి ఎవరిదన్న ప్రశ్న అమెరికా కోర్టుకు ఎక్కింది. సెకండ్ లైఫ్ ఆటలో ఒక వాడుకరి ఖాతాను, అందులోని ఊహా భూములను నిర్వాహక సంస్థ లిండెన్ ల్యాబ్ స్వాధీనం చేసుకుంది. పెన్సిల్వేనియా ఫెడరల్ కోర్టు 2007లో, వివాదాలన్నీ మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న సంస్థ షరతు న్యాయసమ్మతం కాదని తోసిపుచ్చింది. తర్వాత ఇరుపక్షాలు రాజీపడ్డాయి. దాంతో అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. నేటికీ దాదాపు అన్ని పెద్ద ఆటల ఒప్పందాల్లో ఒకటే మాట ఉంటుంది: ఖాతా, అందులోని వస్తువులు వాడుకరి సొత్తు కావు, వాడుకునే అనుమతి మాత్రమే.

భారతదేశంలో చరిత్ర వేరే దారిన నడిచింది. ఇక్కడ పెద్ద నిషేధాలు ఆటగాళ్ల మీద కాక ఆటల మీదే పడ్డాయి. పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను కేంద్రం 2020 సెప్టెంబరు 2న సమాచార సాంకేతిక చట్టం 69ఎ సెక్షన్ కింద నిషేధించింది. ఆ ఏడాది అక్టోబరు 30న భారత్‌లో సర్వర్లు ఆగాయి. క్రాఫ్టన్ సంస్థ 2021 జులై 2న బీజీఎంఐ పేరుతో అదే ఆటను కొత్తగా తెచ్చింది. పాత ఖాతాలను మార్చుకోవడానికి ఆ ఏడాది చివరి దాకా గడువిచ్చింది. బీజీఎంఐ కూడా 2022 జులై 28న యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మే నెలాఖరులో తిరిగి వచ్చింది. గరెనా వారి ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురైంది. దాని మరో రూపం ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం కొనసాగింది. ఏ తప్పూ చేయని ఆటగాడు డబ్బు పోసి కొన్న స్కిన్లు (వేషాలు), యూసీ, డైమండ్లు (ఆటలోని నాణేలు) ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో అందకుండా పోవచ్చని అప్పుడే అందరికీ తెలిసింది.

నిషేధం రకాలు

తాత్కాలిక నిషేధం గంటల నుంచి నెలల దాకా ఉంటుంది. బూతు మాటలు, జట్టు సభ్యుణ్ని కాల్చడం, ఆట మధ్యలో వదిలేయడం దీనికి సాధారణ కారణాలు. శాశ్వత నిషేధం ఎక్కువగా హ్యాక్ వాడకానికి పడుతుంది. పబ్‌జీ మొబైల్‌లో "10 ఏళ్లు" అని కనిపించే శిక్ష ఆచరణలో శాశ్వతమే.

డివైస్ నిషేధం ఖాతాతో ఆగకుండా ఫోన్‌కే వర్తిస్తుంది. బీజీఎంఐ దీన్ని 2021 డిసెంబరులో ప్రకటించింది. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నవాళ్లకు ఇదొక చిక్కు: పాత యజమాని చేసిన తప్పు కొత్త యజమాని ఖాతాకు చుట్టుకుంటుంది.

పోటీ నిషేధం వ్యక్తి పేరు మీద పడుతుంది. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన ఎక్స్‌ట్రీమ్స్‌లాండ్ పోటీలో ఆప్టిక్ ఇండియా జట్టు ఆటగాడొకడు కౌంటర్ స్ట్రైక్ ఆడుతూ గురిపెట్టే హ్యాక్‌తో దొరికిపోయాడు. ఆ ప్రోగ్రాంకు అతను మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైల్ అనిపించే పేరు పెట్టుకున్నాడు. జట్టుపై పోటీలో అనర్హత వేటు పడింది, తర్వాత జట్టే రద్దయింది. అతనికి ఐదేళ్ల నిషేధం పడింది.

డబ్బు ఆటల్లో వేరే రకం ఉండేది: ఖాతా తెరిచే ఉండేది, విత్‌డ్రా మాత్రం ఆగేది. సంస్థలు దీన్ని నిషేధం అనేవి కావు, "సమీక్షలో ఉంది" అనేవి. ఆటగాడికి రెండింటికీ తేడా ఉండేది కాదు.

పొరపాటు నిషేధాలు

యంత్రం పట్టినదంతా మోసం కాదు. 2010 జులైలో మోడరన్ వార్‌ఫేర్ 2 ఆటలో సుమారు 12,000 ఖాతాలను వ్యాక్ తప్పుగా మూసేసింది. వాల్వ్ వాటిని తెరిచి, క్షమాపణ చెప్పి, ఒక్కొక్కరికి లెఫ్ట్ 4 డెడ్ 2 ఆటను ఉచితంగా ఇచ్చింది. 2023 అక్టోబరులో ఏఎండీ విడుదల చేసిన ఒక గ్రాఫిక్స్ డ్రైవర్ సదుపాయాన్ని వాడిన కౌంటర్ స్ట్రైక్ 2 ఆటగాళ్లు నిషేధానికి గురయ్యారు. ఏఎండీ ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది, నిషేధాలు తొలిగాయి. ఈ రెండు సందర్భాల్లోనూ తప్పు బయటపడటానికి కారణం ఒకే సమయంలో వేలమందికో, పేరున్న ఒక తయారీదారు వస్తువు వాడినవాళ్లకో దెబ్బ తగలడం. ఒంటరిగా పొరపాటుకు గురైనవాడి అప్పీలుకు అంత బలం ఉండదు.

పీజీ హాస్టళ్లున్న ప్రాంతాల్లో పొరపాటుకు ఇంకో కారణం తోడవుతుంది. హాస్టల్‌లో అందరూ ఒకే వైఫై వాడితే బయటి సర్వర్‌కు అందరి ఐపీ చిరునామా ఒకటే. మొబైల్ నెట్‌వర్క్‌లలో కూడా అనేకమంది చందాదారులు ఒకే బహిరంగ ఐపీని పంచుకుంటారు. బోనస్ కోసం ఒకే మనిషి పది ఖాతాలు తెరిచినా, ఒకే గదిలో నలుగురు స్నేహితులు తలా ఒక ఖాతా తెరిచినా పైనుంచి చూసే యంత్రానికి దాదాపు ఒకేలా ఉంటుంది. రమ్మీలో ఒకే నెట్‌వర్క్ నుంచి ఇద్దరు ఒకే టేబుల్ మీద కూర్చుంటే కుమ్మక్కు అనుమానం వచ్చేది. అనుమానం అన్యాయమేమీ కాదు, ఎందుకంటే కుమ్మక్కు నిజంగానే జరుగుతుంది. దాన్ని మనిషి చేత పరిశీలించకుండా తీర్పుగా మార్చేయడమే అభ్యంతరకరం.

చెల్లింపు నడిచే తీరు

యూపీఐ 2016లో మొదలైంది. ఆటలో యూసీయో డైమండ్లో కొనేటప్పుడు ఆ డబ్బు సాధారణంగా ఆట సంస్థకు నేరుగా వెళ్లదు. ఆటగాడి బ్యాంకు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, చెల్లింపు గేట్‌వే, గూగుల్ ప్లే వంటి స్టోరు, చివరికి ఆట సర్వరు అనే వరసలో కదులుతుంది. బ్యాంకు నుంచి కోత పడినట్టు ఎస్సెమ్మెస్ రావడం మొదటి మెట్టు మాత్రమే. చివరి మెట్టు దాకా "డబ్బు అందింది" అన్న కబురు చేరితేనే కాయిన్లు జమవుతాయి. మధ్యలో కబురు తప్పిపోతే "డబ్బు కట్ అయింది, కాయిన్స్ రాలేదు" అనే ఫిర్యాదు పుడుతుంది.

ఇలాంటి ఫిర్యాదులో మూడు సంఖ్యలు వస్తాయి. యూపీఐ లావాదేవీకి 12 అంకెల యూటీఆర్ ఉంటుంది, అది బ్యాంకుకు తెలుస్తుంది. గూగుల్ ప్లే రసీదులో జీపీఏ అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటుంది, అది స్టోరుకు తెలుస్తుంది. ఆటలోని క్యారెక్టర్ ఐడీ ఆట సంస్థకు తెలుస్తుంది. చాలామంది ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తీసి ఆట సంస్థకు పంపుతారు. అందులో గ్రహీత పేరు గూగుల్ ప్లే అని ఉంటుంది, ఆట పేరు ఎక్కడా ఉండదు. సంస్థ దాన్ని ధ్రువీకరించలేమంటుంది, బ్యాంకు డబ్బు చేరిపోయిందంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐలో ఖాతా నుంచి డబ్బు పోయి వ్యాపారికి ధ్రువీకరణ చేరకపోతే, లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. వ్యాపారికి డబ్బు చేరి సరుకు అందకపోతే ఈ ఆదేశం వర్తించదు. అది స్టోరుతోనో ఆట సంస్థతోనో తేల్చుకోవలసిన విషయం.

పేరు సరిపోలకపోవడం

డబ్బు ఆటలు నడిచిన కాలంలో గెలిచింది తీసుకోవాలంటే కేవైసీ (గుర్తింపు ధ్రువీకరణ) తప్పనిసరిగా ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద ఆదాయపు పన్ను చట్టం 194బీఏ సెక్షన్ కింద 30 శాతం పన్ను మూలంలోనే కోయడం మొదలైంది. దాంతో పాన్ లేకుండా పని జరగని పరిస్థితి వచ్చింది. బ్యాంకు ఖాతాను సరిచూడటానికి సంస్థలు ఒక రూపాయి జమచేసి, బ్యాంకు తిరిగి పంపే ఖాతాదారుడి పేరును పాన్ మీది పేరుతో పోల్చేవి.

తెలుగు పేర్లు ఇక్కడే చిక్కుకుంటాయి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. పాత బ్యాంకు ఖాతాల్లో ఇంటిపేరు ఒక అక్షరానికి కుదించి ఉంటుంది. ఒకే మనిషి పాన్‌లో "వెంకట సాయికుమార్ కొల్లి", పాస్‌బుక్‌లో "కె వి సాయి కుమార్", పదో తరగతి సర్టిఫికెట్‌లో "కొల్లి వెంకట సాయికుమార్" అయి ఉంటాడు. ఇంగ్లిష్ స్పెల్లింగులో "సాయి" చివర ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉండటం మామూలే. పెళ్లయ్యాక కొన్ని పత్రాల్లోనే ఇంటిపేరు మారిన మహిళల సంగతి చెప్పనక్కర్లేదు. పేరు, ఇంటిపేరు అనే రెండు గడుల్ని ఊహించుకుని రాసిన ప్రోగ్రాం దీన్ని వేరే మనిషి ఖాతాగా చూసి తిరస్కరిస్తుంది. రెండుమూడుసార్లు తిరస్కరణ జరిగితే మోసం అనుమానంతో ఖాతా సమీక్షకు పోవచ్చు.

దీనికి ఎదురు కోణమూ ఉంది. ఇతరుల పాన్, బ్యాంకు ఖాతాలతో ఆడటం, డబ్బు మళ్లించడం నిజమైన నేరాలు. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) బెంగళూరు జోనల్ కార్యాలయం 2025 నవంబరులో విన్‌జో, గేమ్స్‌క్రాఫ్ట్ సంస్థలపై సోదాలు జరిపింది. విన్‌జో కేసుకు ఆధారమైన ఫిర్యాదుల్లో ఖాతాలు మూసేయడం, ఇతరుల పాన్, కేవైసీ వివరాల దుర్వినియోగం అనే ఆరోపణలున్నాయి. ఇవి ఆరోపణలు. కేవైసీలో పట్టు తక్కువైనా ఎక్కువైనా నష్టం వాడుకరికే వస్తుందనడానికి మాత్రం ఈ కేసు ఉదాహరణగా నిలుస్తుంది.

రాష్ట్ర సరిహద్దు వివాదాలు

రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అన్న ప్రసిద్ధ తీర్పుకు మూలం తెలుగు నేలే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణ మధ్య నడిచిన ఈ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. ఆన్‌లైన్ రమ్మీ సంస్థలన్నీ దశాబ్దాల తర్వాత దాన్నే ఆధారం చేసుకున్నాయి.

నైపుణ్యమైనా సరే, పందెం కాస్తే నేరమేనని 1974 నాటి తమ జూద చట్టాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో సవరించాయి. కర్ణాటక పోలీసు చట్టాన్ని సవరిస్తూ తెచ్చిన నిషేధం 2021 అక్టోబరు 5న అమల్లోకి వచ్చింది. ఆ నెలలోనే బెంగళూరు అన్నపూర్ణేశ్వరి నగర్ పోలీస్ స్టేషన్‌లో ఫాంటసీ క్రీడల సంస్థ డ్రీమ్11 వ్యవస్థాపకుల మీద కేసు నమోదైంది. 2022 ఫిబ్రవరి 14న ప్రధాన న్యాయమూర్తి రీతూ రాజ్ అవస్థి, న్యాయమూర్తి కృష్ణ ఎస్. దీక్షిత్‌ల ధర్మాసనం నైపుణ్య క్రీడలకు వర్తించే సెక్షన్లను కొట్టివేసింది.

ఆ తీర్పు నుంచి 2025 ఆగస్టు దాకా కె.ఆర్.పురంలో ఉన్న తెలుగువాడికి డబ్బు పెట్టి రమ్మీ ఆడటం చట్టబద్ధం. అదే మనిషి కె.ఆర్.పురం స్టేషన్‌లో రైలెక్కి, బంగారుపేట దాటి కుప్పం చేరగానే చట్టవిరుద్ధం. రోడ్డు మీద వెళ్తే ముళబాగిలు దాటి చిత్తూరు జిల్లాలో అడుగుపెట్టగానే అంతే. సంస్థలు ఫోన్ జీపీఎస్ చూసి ఆట ఆపేసేవి. చోటు దాచే యాప్‌లు, వీపీఎన్ వాడితే ఖాతా మూసే షరతు ఒప్పందాల్లో ఉండేది. ఆగిపోయిన ఆటలో పెట్టిన ప్రవేశ రుసుము ఏమవుతుందన్నది ఒక తగువు. పండక్కి ఊరెళ్లిన వాడు బెంగళూరులో గెలిచిన సొమ్మును ఊళ్లో విత్‌డ్రా చేయవచ్చా అన్నది ఇంకొకటి. ఆడటానికి, గెలిచింది తీసుకోవడానికి మధ్య తేడా ఉందనీ నిషేధం మొదటిదానికేననీ ఆటగాళ్ల వాదన. డ్రీమ్11 వంటి సంస్థల నిబంధనలు ఉనికిని మాత్రమే కాక నివాసాన్ని కూడా లెక్కలోకి తీసుకునేవి. కర్ణాటకలో ఉంటూ సొంతూరి చిరునామా ఆధార్ చూపించేవాడు ఏ రాష్ట్రపు నివాసి అన్న ప్రశ్నకు అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చూపమనేవారు. పీజీలో ఉండేవాడి పేరు మీద ఆ రెండూ ఉండవు.

పొరుగున తమిళనాడు మరో దారి పట్టింది. 2025లో తెచ్చిన నిబంధనల్లో ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేసి, అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 వరకు డబ్బు ఆటలను నిలిపివేసింది. మద్రాసు హైకోర్టు 2025 జూన్‌లో వాటిని సమర్థించింది.

మైనర్ల చెల్లింపులు

2022లో హైదరాబాదు అంబర్‌పేటలో 16 ఏళ్ల బాలుడొకడు ఫ్రీ ఫైర్‌లో సుమారు 36 లక్షల రూపాయలు ఖర్చుపెట్టాడు. తల్లి డబ్బు తీయడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు గానీ సంగతి తెలియలేదు. చిన్న మొత్తాలలో ఇలాంటివి అనేక ఇళ్లలో జరుగుతుంటాయి.

భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు. అలాంటి ఒప్పందం మొదటినుంచీ చెల్లదని ప్రివీ కౌన్సిల్ 1903లో మొహొరీ బీబీ కేసులో తేల్చింది. కానీ యూపీఐ పిన్ కొట్టింది ఎవరో సర్వరుకు తెలియదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 ఉత్తర్వు ప్రకారం, బయటివారి మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుడికి బాధ్యత ఉండదు. పిన్, ఓటీపీ తనే ఇతరులకు చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం అతనిదే. పిల్లవాడికి పిన్ చెప్పిన తండ్రి సాధారణంగా ఈ రెండో కోవలోకి వస్తాడు.

బీజీఎంఐ ప్రారంభంలోనే 18 ఏళ్ల లోపు వారికి తల్లిదండ్రుల ఫోన్‌కు ఓటీపీ, రోజుకు మూడు గంటల ఆట, 7,000 రూపాయల దినసరి ఖర్చు పరిమితి పెట్టింది. ఆటగాడు తనకు 18 దాటాయని చెబితే ఇవేవీ వర్తించవు. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల్లోపు వాపసు కోరవచ్చు. అనుమతి లేని చెల్లింపును 120 రోజుల్లోపు తెలపవచ్చు.

వాపసు అడిగితే నిషేధం

బ్యాంకు ద్వారా చెల్లింపును వెనక్కి తిప్పించడాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. సంస్థల దృష్టిలో ఇది మోసానికి గుర్తు. చౌకగా టాప్-అప్ చేస్తామంటూ టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చే ప్రకటనల వెనక దొంగిలించిన కార్డులుండటమే ఈ దృష్టికి కారణం. కొనుగోలుదారు సగం ధరకు డైమండ్లు పొందుతాడు. అసలు కార్డుదారు ఫిర్యాదు చేయగానే ఆ చెల్లింపు రద్దవుతుంది. శిక్ష కొనుగోలుదారు ఖాతాకు పడుతుంది. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో వాపసు పొందిన చెల్లింపు తాలూకు జెమ్స్ నిల్వ సున్నా కిందికి వెళ్తుంది. ఆ బాకీ తీర్చేదాకా ఖాతా తెరుచుకోదు.

హై లెవల్ ఐడీలను అమ్మడం, కొనడం కూడా ఇదే కోవ. అమ్మినవాడు ఖాతాతో ముడిపడిన ఫేస్‌బుక్ గానీ జీమెయిల్ గానీ వాడి దాన్ని వెనక్కి లాక్కోగలడు. నిబంధనల ప్రకారం అమ్మకమే నిషిద్ధం కాబట్టి మోసపోయిన కొనుగోలుదారు ఆట సంస్థకు మొర పెట్టుకోలేడు.

నిజమైన ఫిర్యాదుదారును కూడా ఇలాగే శిక్షించడం మీద అమెరికాలో చర్య జరిగింది. ఫోర్ట్‌నైట్ సంస్థ ఎపిక్ గేమ్స్, అనుమతి లేని కోతల మీద కార్డు సంస్థలకు ఫిర్యాదు చేసిన వాడుకరుల ఖాతాలను మూసేసిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2022 డిసెంబరులో ఎపిక్ మొత్తం 52 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు వాడుకరులకు వాపసు ఇవ్వడానికి. ఐరోపా యూనియన్ డిజిటల్ సేవల చట్టం, ఖాతా మూసేటప్పుడు కారణం రాసి ఇవ్వడాన్ని ఆన్‌లైన్ వేదికలకు 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేసింది. భారత ఆటగాడికి అలాంటి రక్షణ ఇంత స్పష్టంగా లేదు. "నిబంధనల ఉల్లంఘన" అన్న ఒక్క వాక్యంతో చాలా అప్పీళ్లు ముగుస్తున్నాయి.

2025 చట్టం తర్వాత

ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లు 2025 ఆగస్టు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో నెగ్గింది. 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, ఇది నిషేధించింది. నిర్వాహకులకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలకు రెండేళ్లు, 50 లక్షలు. బ్యాంకులు, గేట్‌వేలు అలాంటి చెల్లింపులు నడపడం కూడా నేరమే. ఆటగాడికి శిక్ష లేదు. ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బు గెలుపు లేని ఆటలను చట్టం విడిగా గుర్తించింది.

డ్రీమ్11, ఎంపీఎల్, జూపీ వంటి సంస్థలు రోజుల వ్యవధిలో డబ్బు ఆటలు ఆపేశాయి. ఖాతాల్లో మిగిలిన సొమ్ము విత్‌డ్రా చేసుకోవచ్చని చెప్పాయి. అంతవరకూ కేవైసీ చేయకుండా చిన్న మొత్తాలతో ఆడినవాళ్లు అప్పుడు తొలిసారిగా పాన్, బ్యాంకు ధ్రువీకరణకు దిగారు. బోనస్ రూపంలో ఉన్న నిల్వ డబ్బు కిందికి వస్తుందా రాదా అన్నది కొత్త తగువు. చట్టాన్ని ఏ23 సంస్థ కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది. అక్కడి పిటిషన్‌ను, ఢిల్లీ, మధ్యప్రదేశ్ హైకోర్టుల్లోని వాటిని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తనకు బదిలీ చేసుకుంది.

విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌ల ఖాతాదారుడి పరిస్థితి వేరు. డబ్బు ఎవరిదో తెలియని అద్దె బ్యాంకు ఖాతాకు వెళ్తుంది, కేవైసీ పేరుతో మళ్లీ డబ్బు అడుగుతారు. దాన్ని ధ్రువీకరణ వివాదం అనడం సరికాదు, అది శుద్ధ మోసం.

ఫిర్యాదు మార్గాలు

కారణాన్ని బట్టి దారి మారుతుంది. డబ్బు పోయి కాయిన్లు రాకపోతే మొదట స్టోరుకు ఆర్డర్ నంబరుతో, తర్వాత బ్యాంకుకు యూటీఆర్‌తో రాయాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే 2021 నవంబరులో మొదలైన రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకానికి వెళ్లవచ్చు. మోసం జరిగితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. కె.ఆర్.పురం వాసులకు వైట్‌ఫీల్డ్ డివిజన్ సెన్ పోలీస్ స్టేషన్ సైబర్ నేరాలు చూస్తుంది.

ఖాతా నిషేధానికి మొదటి మెట్టు ఆటలోని అప్పీలే. 2021 సమాచార సాంకేతిక నియమాల కిందికి వచ్చే సంస్థల్లో ఫిర్యాదు అధికారి 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పి, నిర్ణీత గడువులో పరిష్కరించాలి. ఆ నిర్ణయం మీద 30 రోజుల్లో ఫిర్యాదుల అప్పీలు కమిటీని ఆశ్రయించవచ్చు. ఈ కమిటీలు 2023 మార్చి నుంచి ఆన్‌లైన్‌లో పనిచేస్తున్నాయి. అప్పీలుకు ముందే ఆట తొలగించకుండా ఉండటం, ఖాతా పేజీ, రసీదులు, సంస్థ పంపిన ఈమెయిళ్లు తేదీలతో దాచుకోవడం మేలు.

సేవలో లోపం ఉందని భావిస్తే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వర్తిస్తుంది. ఫిర్యాదుదారు తను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు కాబట్టి, సంస్థ సింగపూర్‌లో ఉన్నా కె.ఆర్.పురం వాసి బెంగళూరు అర్బన్ జిల్లా కమిషన్‌కు వెళ్లగలడు. ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో స్పష్టం చేసింది. పందెం ఒప్పందాలు చెల్లవన్న కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ వల్ల డబ్బు ఆటల గెలుపు మీద వేసే కేసు బలహీనం, కొన్న వస్తువు మీద వేసేది అంతకంటే బలమైనది. కేసు వేయకముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ను అడగవచ్చు. కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. 5 లక్షల రూపాయల లోపు చెల్లింపులకు రుసుము లేదు.